మాసికల నగరం

ఉదయం ఎనిమిదిన్నరయింది. తెల్లవారిందన్న మాటే గాని వెలుగు లేదు. నవంబరు ఆఖర్లో బెర్లిన్ ఆకాశం నెత్తిన సత్తు గిన్నె బోర్లించినట్టుంటుంది. ష్లాస్ వంతెన మీద నిలబడ్డాం. జేబులోంచి చెయ్యి తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వంతెన అంచున నిలబెట్టిన పాలరాతి బొమ్మల భుజాల మీద రాత్రి కురిసిన మంచు ఇంకా కరగలేదు. ఎదురుగా తూర్పున 368 మీటర్ల టీవీ టవర్. పైనున్న గుండు మబ్బులో మునిగిపోయి, కింద కాండం ఒక్కటే కనిపిస్తోంది. ఎడమ చేతి వైపు పచ్చిక, దాని వెనక ఆర్కిటెక్ట్ షింకెల్ 1830లో పూర్తి చేసిన పాత మ్యూజియం, దాని ముందు 18 స్తంభాల వరస. కుడి చేతి వైపు రాజప్రాసాదం.

ముందు ప్రాసాదం దగ్గరికే వెళ్దాం. గుమ్మాల మీద గద్దలు, రాతి పూలదండలు, కిరీటాలు, కిటికీ కిటికీకీ ఒక చెక్కుడు. చూపుకి మూడు వందల ఏళ్ల కట్టడం. చెయ్యి చాచి ఒక మూల తడమండి. ఇసుకరాయి అంచు వేలికి ఇంకా పదునుగా తగులుతుంది. మడతల్లో మసి లేదు. వాన చారలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. ఇది హుంబోల్ట్ ఫోరం. జనానికి తలుపులు తెరిచింది 2021లో.

హోహెన్‌జోలెర్న్ రాజుల అసలు కోట 1945 ఫిబ్రవరి 3న పడ్డ బాంబుల్లో కాలిపోయింది. మిగిలిన మొండిగోడల్ని 1950లో తూర్పు జర్మనీ ప్రభుత్వం మందు పెట్టి పేల్చేసింది. తర్వాత ఆ చోటే 1976లో తమ రిపబ్లిక్ పేరు మీద ఇంకో ప్రాసాదం తెరిచింది. రాగిరంగు అద్దాల పెద్ద పెట్టె లాంటి ఆ భవనంలో ఒక పక్క పార్లమెంటు, ఇంకో పక్క కచేరీలు, రెస్టారెంట్లు, బౌలింగ్ ఆట. సెలవు రోజున తూర్పు బెర్లిన్ కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చి కూర్చునే చోటు. బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాది, 1990లో, ఆస్‌బెస్టాస్ ఉందని దాన్ని మూసేశారు. 2006 నుంచి 2008 దాకా ముక్కలు ముక్కలుగా విప్పేశారు. పాత కోట మళ్లీ కావాలన్న కోరిక అప్పటికే బలపడింది. 1993లో ఆ కోరిక ఉన్నవాళ్లు ఈ మైదానంలో పరంజా కట్టి, దాని మీద కోట ముఖాన్ని నిలువెత్తు గుడ్డల మీద బొమ్మగా వేసి వేలాడదీశారు. ఊరంతా వచ్చి ఆ బొమ్మను చూసింది. 2002లో పార్లమెంటు సరేనంది. ఇటలీకి చెందిన ఫ్రాంకో స్టెల్లా కట్టాడు. మూడు వైపుల పాత ముఖం, నది వైపు మాత్రం చెక్కుళ్లు లేని కొత్త గోడ. చెక్కిన రాళ్ల వెనక ఉన్నది కాంక్రీటు.

చీర చిరిగితే మన ఇళ్లలో రెండు దారులుండేవి. ఖరీదైనదైతే రఫూ పనివాడి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. ఆ బట్టలోంచే దారం లాగి, పోగు మీద పోగు వేసి, చిరుగు ఎక్కడో మనకే తెలియకుండా చేస్తాడు. రోజూ కట్టే చీరైతే ఇంట్లోనే మాసిక వేసేవాళ్లు. వేరే గుడ్డ, వేరే రంగు, దగ్గరగా వేసిన కుట్లు. మాసిక కనిపిస్తుంది, కనిపిస్తూనే ఇంకో పదేళ్లు మోస్తుంది. రఫూకి ఒక షరతుంది, పాత బట్ట మిగలాలి. ఈ ప్రాసాదం ముందు నిలబడితే నాకు మనసు చివుక్కుమనేది అందుకే. బట్ట మొత్తం పోయాక చేసిన రఫూ ఇది. పనితనానికి వంక పెట్టలేను. ఈ పూలదండలు చెక్కిన శిల్పుల చేతులకు దణ్ణం పెట్టాలి. కానీ 1945కీ 2008కీ మధ్య ఇక్కడ జరిగినదంతా ఈ రాయి నోరు విప్పి చెప్పదు. పుట్టిన ఊళ్లో తాము ఆడుకున్న భవనం జాడ కోసం వచ్చే తూర్పు బెర్లిన్ మనిషికి ఈ గోడలో ఒక్క ముక్కా దొరకదు.

వెళ్లే ముందు వెనక్కి తిరిగి దక్షిణం వైపు చూడండి. చౌకు అవతల 1964 నాటి పొడుగాటి భవనం, తూర్పు జర్మనీ స్టేట్ కౌన్సిల్ కొలువైన చోటు. చదునైన దాని ముఖం మీద పక్కగా, వేరే శతాబ్దం నుంచి తెచ్చి గుచ్చినట్టు, బరోక్ గుమ్మం ఒకటి. కోటను పేల్చేటప్పుడు విడదీసి దాచిన ముక్కలతో నిలబెట్టిన గుమ్మం అది. 1918 నవంబరు 9న కార్ల్ లీబ్‌నెక్ట్ దాని మీది బాల్కనీలోంచే సోషలిస్టు రిపబ్లిక్‌ను ప్రకటించాడని కోటంతా పోయినా దీన్ని మాత్రం ఉంచారు. అలా, రాజుల కోట తాలూకు పాత గుమ్మం సోషలిస్టు భవనానికి మాసికగా బతికింది. దాని నకలు కొత్త కోట ఉత్తరపు ముఖంలో ఉంది.

పది కావస్తోంది. పాత మ్యూజియం పక్కగా వెళ్తే మ్యూజియం ద్వీపం లోపలికి వస్తాం. కాలువ ఒడ్డున జేమ్స్ సైమన్ గ్యాలరీ, 2019లో తెరిచిన టికెట్ల భవనం, పల్చటి తెల్ల స్తంభాలతో. దాని వెనక పాత స్తంభాల వసారా. ఇక్కడ ఆగాలి. స్తంభాల మీద గుంటలు. మశూచి తగ్గాక మొహం మీద మిగిలే మచ్చల్లాంటివి. 1945 వసంతంలో వీధి వీధికీ జరిగిన పోరులో తగిలిన తూటాలు, గుండు ముక్కల జాడలు. కొన్ని గుంటల్లో వేలు మొదటి కణుపు దాకా దిగుతుంది. లోపల రాయి గరుగ్గా, చల్లగా ఉంది. కొన్నింటిని మాత్రం చదరంగా కోసి, అదే కొలతకు కొత్త రాయి ముక్క దింపారు. ఆ ముక్క రంగు వేరు. దాచే ప్రయత్నం లేదు.

ఇక నోయెస్ మ్యూజియంలోకి. పేరుకు ‘కొత్త మ్యూజియం’, వయసు నూట డెబ్బై దాటింది. తలుపు తోసుకుని లోపలికి రాగానే చలి వెనకే ఉండిపోతుంది. రెండడుగులేశాక మెట్ల హాలు. తల పైకెత్తుతాం. మాట రాదు.

మూడంతస్తుల ఎత్తు ఇటుక గోడలు, గార లేకుండా. పైన ఎక్కడో చెక్క దూలాల కప్పు. ఆ ఎర్రటి ఖాళీ మధ్య తెల్లని మెట్లు, నగిషీ లేదు, గీత లేదు. ఎక్కుతుంటే చేతికి తగిలే కమ్మీ పట్టంత నున్నగా ఉంది. కాంక్రీటే, కాని తెల్ల సిమెంటులో సాక్సనీ పాలరాతి పలుకులు కలిపి పోసింది. దగ్గరగా చూస్తే పలుకులు మెరుస్తాయి. ఒకప్పుడు ఈ గోడల మీద కౌల్‌బాఖ్ గీసిన మానవ చరిత్ర చిత్రాలుండేవి. ఒక్కటీ మిగల్లేదు. మెట్లు మాత్రం పాత మెట్లు నడిచిన దారినే నడుస్తాయి, అదే వాలు, అదే మలుపు. పోయిన మనిషి నడకను కొడుకు నడకలో పోల్చుకున్నట్టు పోల్చుకోవచ్చు.

దీన్ని మొదట కట్టింది షింకెల్ శిష్యుడు ఫ్రీడ్రిష్ ఆగస్ట్ ష్ట్యూలర్, 1843 నుంచి 1855 వరకు. బెర్లిన్ అంటేనే చిత్తడి నేల. ఈ ద్వీపం ఇంకా మెత్తన. చెక్క గుంజలు భూమిలోకి దించి వాటి మీద పునాది వేయాల్సి వచ్చింది. గుంజలు దించడానికి, నీళ్లు తోడడానికి, సామాను పైకెత్తడానికి ఆవిరి యంత్రం పెట్టించాడు. ఆ రోజుల్లో కట్టుబడి పనిలో అది వింత. పైన బరువు తగ్గించడానికి ఆయన చేసిన ఏర్పాటు నాకు మరీ ఇష్టం. ఇనుప పట్టీల మధ్య బోలు మట్టి కుండలు పేర్చి కమాను కప్పులు వేశాడు. ఈజిప్టు రాజుల రాతి బొమ్మల నెత్తిన కుమ్మరి కుండలు!

1943 నవంబరు బాంబుల్లో మెట్ల హాలు పోయింది. 1945 ఫిబ్రవరిలో మరికొన్ని భాగాలు కూలాయి. తూర్పు జర్మనీకి పక్కనున్న మ్యూజియంలు బాగు చేసుకోవడంతోనే సరిపోయింది. ఇది వానకు తడిసి, మంచుకు పగిలి, మొక్కలు మొలిచి, దశాబ్దాలపాటు మొండిగా పడి ఉంది. 1997లో ఈ పని ఇంగ్లండ్ ఆర్కిటెక్ట్ డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ చేతికొచ్చింది. పాత కట్టడాలు బాగు చేయడంలో ఆరితేరిన జూలియన్ హారప్ ఆయనతో చేరాడు. ఊళ్లో గొడవ మొదలైంది. ఎలా ఉండేదో అలాగే కట్టమన్నవాళ్లు సంతకాలు సేకరించారు. మిగిలింది మిగిలినట్టే ఉంచి, పోయిన చోట పోయిందని తెలిసేలా కడతామని వీళ్లు పట్టుబట్టారు. పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియాలన్నది 1964 నాటి వెనిస్ ఒప్పందంలోని మాటే. కాగితం మీది ఆ మాటను ఇంత పెద్ద భవనంలో గది గదికీ నిలబెట్టుకోవడం మాత్రం మామూలు విషయం కాదు. 2009 అక్టోబరులో తలుపులు తెరిచారు.

పక్క గదిలోకి రండి, ఒక గోడ చూపిస్తాను. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే గోడ నిండుగా ఉంది, ఎరుపూ పసుపూ కలిసిన పాత వర్ణం, అంచున నల్లటి పట్టీ. నాలుగడుగులు ముందుకు వేయండి. వర్ణం ఒక చోట ఆగిపోతుంది. అక్కణ్ణించి వట్టి గార, పక్కనున్న రంగుకు కాస్త దగ్గరగా, కాని అది కాదు. ఇంకా దగ్గరికి వెళ్లండి. గార అంచు కాగితం చింపినట్టు వంకరటింకరగా ఉంది. ఆ అంచు రాలకుండా దాని వెంబడే సన్నని సున్నపు గట్టు వేశారు. అన్నం తినిపించేటప్పుడు పిల్లవాడి మూతి చుట్టూ తుడిచినంత జాగ్రత్తగా వేసిన గట్టు. అవతల గార కూడా లేదు, ఇటుక. ఆ ఇటుకలో కొన్ని ష్ట్యూలర్ కాలం నాటివి. కొన్ని వేరే పాత కట్టడాల నుంచి ఏరి తెచ్చిన చేతి ఇటుకలు. ఒకే గోడలో మూడు వయసులు. నా ముక్కు గోడకు మరీ దగ్గరైందేమో, కాపలా ఉన్న పెద్దావిడ గొంతు సవరించుకుంది. రెండడుగులు వెనక్కి వేస్తే గోడ మళ్లీ నిండుగా అయిపోయింది.

దూరానికి నిండుతనం, దగ్గరికి నిజం. అంగుళం అంగుళానికీ కూర్చుని మాట్లాడుకుంటే తప్ప ఇలా రాదు. ఈ ఇటుక ఉంచాలా, ఈ మరక కడగాలా, ఈ పగులు పూడ్చాలా అని.

గ్రీకు ప్రాంగణంలో పైన చుట్టూ తిరిగే శిల్పాల పట్టీ ఉంది. షీవెల్‌బైన్ మలిచింది. వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపే నగరం నాశనమవుతున్న దృశ్యం. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని పరుగెత్తే జనం. ఆ బొమ్మలు చెక్కిన తొంభై ఏళ్లకు వాటి చుట్టూ ఉన్న నగరానికే ఆ గతి పట్టింది. బొమ్మలు మాత్రం మిగిలాయి, అక్కడక్కడ ఒక చెయ్యి, ఒక మొహం లేకుండా.

ఉత్తరపు గుమ్మటం కింద నెఫర్టీటీ ఒక్కతే ఉంది. 1912లో అమార్నాలో దొరికిన ఈ తలను బెర్లిన్‌కు దానమిచ్చింది జేమ్స్ సైమన్ అనే యూదు వ్యాపారి, తవ్వకాలకు డబ్బు పెట్టినాయన. నాజీలు తుడిచేసిన ఆయన పేరే ఇందాక మనం దాటిన టికెట్ల భవనానికి పెట్టారు. ఆమెకు ఎడమ కన్ను పొదగలేదు. ఆ ఖాళీ కంటి వైపు నిలబడి చూసేవాళ్లే ఎక్కువ. ఈ భవనంలో ఆమెకు ఇంతకన్నా తగిన తోడు దొరకదు.

పదకొండు దాటింది. బయటికొచ్చి ట్రాము కోసం నడుస్తుంటే రోడ్డు మీదుగా, మనిషి తలకన్నా ఎత్తున, గులాబీ రంగు గొట్టాలు వంకర్లు తిరుగుతూ పోతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఏదో కళాఖండం అనుకుంటారు. ఇక్కడ కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. ఎక్కడ పునాది తీసినా ఆ ఊట తోడి కాలువలోకి పంపాలి. అందుకీ గొట్టాలు. ష్ట్యూలర్ ఆవిరి యంత్రం చేసిన పనే ఇప్పటికీ సాగుతోంది. ఒక పాత ఇంటి గుమ్మం ముందు కాలిబాటలో అరచేతంత ఇత్తడి పలక, దాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, నాజీలు ఇక్కణ్ణించి తీసుకెళ్లిన తేదీ, చంపిన చోటు. చదవాలంటే తల వంచాల్సిందే. ట్రాము వచ్చింది.

బెర్నావర్ వీధి. ఇక్కడ గాలికి అడ్డేమీ లేదు. వీధికి ఒక పక్క మామూలు ఇళ్లు, బాల్కనీల్లో సైకిళ్లు. ఇంకో పక్క కిలోమీటరుకు పైగా పొడవునా ఖాళీ నేల. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచేసరికి ఈ వీధి కాలిబాట పశ్చిమానిది, దానిని ఆనుకున్న ఇళ్లు తూర్పువి. తలుపులు ఇటుకలతో మూసేస్తే జనం కిటికీల్లోంచి దూకారు. 48వ నంబరు ఇంట్లో మూడో అంతస్తు నుంచి ఇడా సీక్‌మన్ ముందు పరుపులు కిందికి విసిరి, తర్వాత తాను దూకింది. ఆగస్టు 22న. మర్నాడు ఆమెకు 59 నిండేవి. గోడ దగ్గర పోయిన మొదటి మనిషి ఆమె. తర్వాత ఇళ్లను కూల్చి, గోడ వెనక ఇంకో గోడ కట్టి, మధ్య నేలను కాల్పులకు ఖాళీ చేసి పెట్టారు. ఇప్పుడు గోడ ఉన్న దారి వెంబడి తుప్పుపట్టిన ఇనుప కడ్డీలు వరసగా నిలబెట్టారు. పక్క నుంచి చూస్తే గోడలాగే మూసుకుపోతాయి. ఎదురుగా నిలబడితే సందు విడుతుంది. భుజం కాస్త వంచి అటూ ఇటూ దాటొచ్చు. బడి సంచీతో ఒక పిల్ల అలాగే దాటి వెళ్లిపోయింది, తల తిప్పకుండా.

ఆ ఖాళీ నేల మధ్యలో పచ్చని మడి. దగ్గరికెళ్తే రై పైరు. శరదృతువులో చల్లిన గింజ వేలెడంత మొలిచి, ఒక్కో ఆకు కొసన మంచు చుక్క పట్టుకుని ఉంది. కాల్పుల నేలలో ఇప్పుడు ఏటా పంట తీస్తారు. మడి అంచున కోడిగుడ్డు ఆకారంలో, నిలువు చెక్క పలకలు కట్టిన చిన్న కట్టడం. పక్కన చెక్క చట్రంలో పాత గంటలు వేలాడుతున్నాయి. ఇది సయోధ్య ప్రార్థనాలయం.

ఇక్కడ 1894 నుంచి పెద్ద ఇటుక చర్చి ఉండేది. పేరు కూడా సయోధ్య చర్చే. గోడ కట్టాక అది రెండు గోడల మధ్య చిక్కుకుపోయింది. భక్తుల్లో ఎక్కువమంది పశ్చిమాన ఉండిపోయారు, చర్చి కళ్లెదుటే ఉంది, అడుగు పెట్టే దారి లేదు. దాని గోపురాన్ని సరిహద్దు సైనికులు కాపలాకు వాడుకున్నారు. 1985 జనవరిలో మందు పెట్టి, ముందు చర్చిని, వారం తిరగకుండా గోపురాన్ని పడగొట్టారు. ఇంకో ఐదేళ్లు ఆగి ఉంటే! 1989 నవంబరులో గోడే పోయింది.

నేల మళ్లీ సంఘం చేతికొచ్చాక రుడాల్ఫ్ రైటర్‌మాన్, పీటర్ జాసెన్‌రోట్ అనే ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులకు పని అప్పగించారు. మొదట అనుకున్న నమూనాలో కాంక్రీటు ఉంది. సంఘం వాళ్లు వద్దన్నారు. కళ్లెదుట ఇరవయ్యెనిమిదేళ్లు నిలిచిన గోడ కాంక్రీటుది. ఆ సామానుతో దేవుడి ఇల్లు కట్టుకోలేమన్నారు. ఆ మాట అన్నవాళ్లకు ఆర్కిటెక్చర్ డిగ్రీలు లేవు. కాని ఈ నగరంలో ఇన్ని కట్టడాల మీద నేను చదివిన వాదనల్లో ఇంత సూటైనది ఇంకొకటి లేదు. సామానుకు జ్ఞాపకం ఉంటుంది. అందుకని మట్టితో కట్టారు. ఆస్ట్రియా నుంచి మట్టి గోడల పనిలో చెయ్యి తిరిగిన మార్టిన్ రౌఖ్ వచ్చాడు. పాత చర్చి శిథిలాల ఇటుకను పిండి చేసి ఆ మట్టిలో కలిపారు. 2000 నవంబరు 9న ప్రతిష్ఠ.

పన్నెండుకు ఐదు నిమిషాలుంది. గంట మోగింది. చెక్క పలకల సందుల్లోంచి చారలు చారలుగా వెలుగు పడే నడవ దాటి లోపలికి వస్తాం. మొదట తగిలేది వాసన. మట్టి గోడల ఇంట్లో పెరిగినవాళ్లకు దాన్ని చెప్పక్కర్లేదు, చెవిలో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. గుండ్రటి గోడ ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, రెండడుగుల మందం. తేమ తక్కువ మట్టిని చెక్కల మధ్య పొరగా పోసి, దిమ్మిసతో కొట్టి, దాని మీద ఇంకో పొర పోసి లేపిన గోడ. పొర పొరకూ మధ్య గీత స్పష్టంగా ఉంది. ఏ పొర ఎక్కడ ఆగిందో, ఎక్కడ దెబ్బ గట్టిగా పడిందో చదవొచ్చు. చెంప దగ్గరగా పెట్టి చూడండి. ఎర్రటి ఇటుక పలుకు, గోరంత గాజు, గులకరాయి, మళ్లీ ఇటుక. ఇందాకటి మ్యూజియంలో పాతదీ కొత్తదీ పక్కపక్కన కూర్చున్నాయి. ఇక్కడ పాత గోడ కొత్త గోడ ఒంట్లోకే వెళ్లిపోయింది.

ఒక గూట్లో పాత చర్చి బలిపీఠం వెనక ఉండే చెక్క ఫలకం. కడరా భోజన దృశ్యం చెక్కినది. బొమ్మలు కొన్ని విరిగాయి. విరిగినట్టే పెట్టారు.

ఎనిమిది పది మందిమి ఉంటాం, కుర్చీల్లో కోట్లు విప్పకుండా. ఒకామె లేచి కాగితం తెరిచింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం పన్నెండింటికి గోడ దగ్గర ప్రాణం పోయిన ఒకరి జీవితం ఇక్కడ చదువుతారు. బెర్లిన్ గోడ దగ్గర చనిపోయినవాళ్లు కనీసం 140 మంది. రోజుకొకరి గురించి చదువుతారు. ఎక్కడ పుట్టాడు, ఏ పని నేర్చుకున్నాడు, ఎవరిని ప్రేమించాడు, ఏ రాత్రి బయల్దేరాడు. నాకు జర్మన్ సగమే అర్థమవుతుంది. ఆమె గొంతు గోడకు తగిలి తిరిగి రావడం లేదు. మట్టి మాటను పీల్చుకుంటోంది. చదవడం అయ్యాక కొవ్వొత్తి వెలిగించారు. కొద్దిసేపు ఎవరూ కదల్లేదు. బయట ట్రాము మలుపు తిరిగిన కీచుశబ్దం సన్నగా వినబడింది.

బయటికొచ్చాక ఏదైనా వేడిగా తాగాలనిపిస్తుంది. మూలమీది దుకాణంలో పప్పు సూపు, పక్కన రై రొట్టె ముక్క. గాజు తలుపుకు ఆవిరి పట్టింది.

అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి 100 నంబరు బస్సెక్కుదాం. 1990లో తూర్పునూ పశ్చిమాన్నీ కలుపుతూ వేసిన రూటు ఇది. పై అంతస్తులో ముందు సీటు దొరికింది. కిటికీకి నగరం పరుగెడుతుంది. బేబెల్ చౌకు, 1933 మే 10న పుస్తకాలు తగలబెట్టిన చోటు. నేలలోకి దించిన గాజు కిటికీ కింద ఖాళీ తెల్ల అల్మరాలు, 20,000 పుస్తకాలు పట్టేవి. బస్సులోంచి కనబడదు, దాని చుట్టూ తలవంచి నిలబడ్డ మనుషులు కనబడతారు. బ్రాండెన్‌బర్గ్ ద్వారం దూరంగా ఒకసారి. పార్లమెంటు భవనం మీద నార్మన్ ఫోస్టర్ 1999లో పెట్టిన గాజు గుమ్మటం, లోపల మెలికల దారిలో పైకి నడుస్తున్న జనం చీమల బారులా. ఆ కింది గోడల మీద 1945 మేలో సోవియట్ సైనికులు బొగ్గుతో, సుద్దతో రాసుకున్న పేర్లు అలాగే ఉన్నాయి. తమ పార్లమెంటు లోపల గెలిచిన శత్రువు రాతను ఉంచుకోవడానికి గుండె కావాలి. నాలుగవుతోంది. చీకటి పడుతోంది.

బ్రైట్‌షైడ్‌ప్లాట్జ్. బస్సు దిగగానే కాల్చిన బాదం, దాల్చినచెక్క, వేడి ద్రాక్షరసం వాసన. క్రిస్మస్ సంత తెరిచారు. దీపాల తోరణాల వెనక, చుట్టూ ఉన్న దుకాణాల వెలుగులో, విరిగిన గోపురం నల్లగా. కైజర్ విల్‌హెల్మ్ స్మారక చర్చి. 1895లో ఫ్రాంజ్ ష్వెష్టెన్ కట్టి ముగించినప్పుడు దాని శిఖరం 113 మీటర్లు. 1943 నవంబరు 23 తెల్లవారేసరికి మొండి మిగిలింది. ఇప్పుడు 71 మీటర్లు. కొస పగిలిన దంతంలా ఉంటుంది. ఊరివాళ్లు కూడా ‘పుచ్చుపన్ను’ అనే పిలుస్తారు.

కొత్త చర్చి కట్టడానికి 1957లో ఎంపికైన ఏగోన్ ఐయర్‌మాన్ ఈ మొండిని తీసేయాలన్నాడు. అంతా కొత్తగా కడతానన్నాడు. బెర్లిన్ జనం లేచి కూర్చున్నారు. పత్రికలకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. మా గుండె అది, ముట్టుకోవద్దన్నారు. ఐయర్‌మాన్ మనసుకు కష్టమైనా తలొగ్గాడు. మొండిని మధ్యలో ఉంచి దాని అటూ ఇటూ నాలుగు కొత్త కట్టడాలు పెట్టాడు. అటు ఎనిమిది మూలల చర్చి, ఇటు ఆరు మూలల గంటల గోపురం. గుడ్డ నిలువునా చిరిగితే అటొకటి ఇటొకటి మాసికలు. ఈ చౌకు ఈరోజు ఇలా ఉన్నదంటే అది ఆర్కిటెక్టు పనితనంతో పాటు వద్దన్నవాళ్ల మొండితనం కూడా. అక్కడ ప్రాసాదం దగ్గరా జనం కోరికే గెలిచింది కదా అంటారా? గెలిచింది. అక్కడివాళ్లు పోయినదాన్ని అడిగారు, ఇక్కడివాళ్లు మిగిలినదాన్ని అడిగారు.

ముందు మొండి గోపురం కింది హాల్లోకి. పైకప్పు నిండా మెరిసే మొజాయిక్, హోహెన్‌జోలెర్న్ రాజుల ఊరేగింపు. బంగారు ఆకాశాన్ని చీల్చుకుంటూ పగులు పోయింది. ఒక మూల మేకులతో చేసిన చిన్న శిలువ. 1940 నవంబరులో జర్మన్ విమానాలు కాల్చిన ఇంగ్లండ్‌లోని కవెంట్రీ కెథెడ్రల్ కప్పు మేకులవి. ఆ ఊరివాళ్లే ఇచ్చారు.

ఎనిమిది మూలల చర్చి బయటి నుంచి ఇనుమూ కాంక్రీటూ తేనెతుట్టెలా, అంత అందమేమీ కాదు. తలుపు లాగి లోపలికి అడుగు పెట్టండి.

నీలం.

గోడ గోడంతా నీలం. నేల నుంచి కప్పు దాకా చేతి వెడల్పు గాజు పలకలు, ఇరవై వేలకు పైగా. షార్ట్ర్ పట్నపు గాబ్రియేల్ లువార్ పనితనం. దగ్గరికెళ్తే నీలం ఒకటి కాదని తెలుస్తుంది. మధ్య మధ్య కుంకుమ రంగు పలుకు, ఆకుపచ్చ, పసుపు. మందపు గాజును సుత్తితో కొట్టి అంచులు పెచ్చులూడదీశాడు. ఆ పెచ్చుల దగ్గరే వెలుగు విరిగి మెరుస్తుంది. పగలగొట్టడం వల్లే అది వెలుగుతోంది. గోడ ఒకటి కాదు, రెండు. మధ్య సుమారు రెండున్నర మీటర్ల ఖాళీ, అందులో దీపాలు. వీధి చప్పుడంతా ఆ ఖాళీలో అణగిపోతుంది. సంత పాటలు, బస్సులు, పిల్లల కేకలు ఏవీ లేవు. నా చేతులు నీలంగా ఉన్నాయి. పక్క వరసలో కొనుగోలు సంచులతో కూర్చున్న ముసలాయన గడ్డం నీలంగా ఉంది. వెనక గోడ మీద స్టాలిన్‌గ్రాడ్ మడోన్నా బొమ్మ. 1942 క్రిస్మస్‌కు శత్రువు చుట్టుముట్టిన కందకంలో కుర్ట్ రాయ్‌బర్ అనే సైనిక వైద్యుడు రష్యా పటం వెనక బొగ్గుతో గీసింది. దుప్పటి కింద బిడ్డను దాచుకున్న తల్లి.

బయటికొస్తే మళ్లీ చప్పుడు. ఇప్పుడు చర్చి మెట్ల దగ్గర నేల మీద చూడండి. పై మెట్టు నుంచి మొదలై ఒక్కో మెట్టూ దిగుతూ, కాలిబాట మీదికి పాకుతూ పోయే పగులు. దాన్ని సిమెంటుతో పూడ్చలేదు. బంగారు రంగు లోహం పోశారు. 2016 డిసెంబరు 19 రాత్రి ఈ సంత మీదికే లారీ దూసుకొచ్చింది. 12 మంది పోయారు. ఆ రాత్రి గాయపడ్డ ఇంకొకాయన 2021లో పోయాడు. పేర్లు మెట్ల ముఖం మీద చెక్కి ఉన్నాయి, ఏ దేశం వాళ్లో కూడా.

ఒకావిడ వంగి, ఒక పేరు మీద అంటుకున్న తడి ఆకును చేతి తొడుగుతో తుడిచింది. తల్లి చెయ్యి పట్టుకున్న పిల్లవాడు పగులు వెంబడే నడుస్తున్నాడు, మడమ ముందు వేలు, వేలు ముందు మడమ, పడిపోకుండా. సంత దుకాణం దాకా వెళ్లి పగులు సన్నబడి ఆగిపోయింది. వాడూ ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.